భుజం దాకా వచ్చే గ్లౌజులు

ముంచార్ రేవులో చేపల కంపు కొట్టని మనిషి కనబడితే వాడు నిన్ననే బస్సు దిగాడని అర్థం. మేమంతా ఆ కంపులోనే పుట్టాం, అందులోనే పెళ్ళిళ్ళు చేసుకున్నాం, అందులోనే పోతాం. అయినా కంపులో కూడా ఎక్కువ తక్కువలు చూసుకోకపోతే మనుషులం ఎలా అవుతాం? పడవల వాళ్ళది పచ్చి చేప వాసన, అది మగతనం కింద లెక్క. డబ్బాల ఫ్యాక్టరీ ఆడవాళ్ళది ఉప్పునీటి వాసన, అది సబ్బుతో పోతుంది. చేపల పొడి ఫ్యాక్టరీ వాళ్ళది మాత్రం కుళ్ళు. తలలు, పేగులు, ఎండలో నిలవపడి ఎవరూ కొనని సరుకు, అన్నీ కలిపి ఉడికించి, పిండి, ఎండబెట్టి కోళ్ళ దాణా చేసే చోటు అది. అక్కడ పనిచేసేవాడి పక్కన కూర్చుని అన్నం తినాలంటే కట్టుకున్న పెళ్ళానికైనా గుండె కావాలి.

ఆ ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసేవాడు మిస్నాడి. నా కాఫీ కొట్టు ఆ గేటుకి ఎదురుగానే ఉంది. ఇంటి దగ్గర వాళ్ళ గోడా నా గోడా ఒకటే, అదీ వెదురు తడికకి సున్నం పూసిన గోడ. కాబట్టి అతని గురించి నాకు తెలియనిది తక్కువ. నా పేరు జుమిలా. ఊరందరికీ యూ జుమిని, యూ అంటే అక్క. మొగుడు సముద్రంలో పోయాక ఆ పిలుపు నాకు ఒక ఆసరా అయింది.

చేపల్ని ఉడికించే పొయ్యిలోకి తోయడానికి అక్కడ ఒక పొడవాటి ఇనుప మర ఉంటుంది. తొట్టిలో పడుకుని మరమేకులా మెలికలు తిరుగుతూ సరుకుని ముందుకి నెడుతుంది. చేపలతో పాటు తెగిన వలల దారాలు, ప్లాస్టిక్ తాళ్ళు, ఎవడో పారేసిన చెప్పులు కూడా వస్తాయి. అవన్నీ ఆ మరకి చుట్టుకుంటాయి. అప్పుడు దాన్ని ఆపి, పక్కనున్న మూత తీసి, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి, కళ్ళతో పని లేకుండా వేళ్ళతో వెతికి ఒక్కొక్క దారమే లాగాలి. లోపలంతా ముల్లు, జిగురు, వేడి నూనె. మిస్నాడి పదిహేనేళ్ళుగా రోజూ అదే చేశాడు. మోచేతుల నుంచి చంకల దాకా అతని తోలు పగిలిపోయి రసి కారేది. పెళ్ళాం సులిహా కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసేది. రాసి, గుమ్మం దాటి వెళ్ళి గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ లోపలికి వచ్చేది. పాపం, దాని తప్పేముంది.

వేరే పని చూసుకోవచ్చుగా అనేవాళ్ళు చాలామంది. అనడానికి నోరుంటే చాలు. పడవెక్కితే మిస్నాడికి కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవి. ఇనుముతో తప్ప ఇంకొకదానితో అతని చేతులకి స్నేహం లేదు.

ఇదంతా ఒక ఎత్తు, వాళ్ళ నాన్న ఒక ఎత్తు. వాళ్ళ నాన్న మా వీధి మోదిన్. పెళ్ళికి దువా చదివేదీ, పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ చెప్పేదీ, పోయినవాణ్ణి కడిగి కఫన్ గుడ్డ చుట్టేదీ ఆయనే. అసలు పేరు తస్రిప్ అని ముసలివాళ్ళకి తప్ప గుర్తులేదు. అందరికీ పాక్ మోదిన్, కొడుకులకి ఉత్త పాక్, అంటే నాన్న. పెద్దవాళ్ళెవర్నైనా మేం అలాగే పిలుస్తాం. ఆయన కూడా పెద్దకొడుకుని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. యాభైకి దగ్గరపడిన మనిషిని ఇంకా "లె" అనేవాడు, చంటివాణ్ణి పిలిచినట్టు.

మా వైపు శవాన్ని చెక్క మీద పడేసి కడగరు. కొడుకులూ అల్లుళ్ళూ బల్ల మీద వరసగా కూర్చుని, పోయినాయన్ని అడ్డంగా ఒళ్ళో పెట్టుకుంటారు. తల పెద్దకొడుకు ఒళ్ళో, కాళ్ళు చిన్నవాడి ఒళ్ళో. మోదిన్ నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళన్నీ వాళ్ళ ఒళ్ళోంచే పారతాయి. ఆ వరసలో కూర్చోనివాడు కొడుకైనా ఒకటే, కాకపోయినా ఒకటే. ఎవరూ పైకి అలా అనరు, కానీ చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటారు.

ఒకసారి మా వీధి చివర ఒక హాజీగారు పోయారు. నీళ్ళు అందించే మనిషి తక్కువయ్యాడని మిస్నాడి వెళ్ళాడు. వెళ్ళేముందు నిమ్మకాయ, సబ్బు, బూడిద, మళ్ళీ సబ్బు పెట్టి రుద్దుకోవడం నేను మా పెరట్లోంచి చూశాను. రుద్దిన చోటల్లా నెత్తురు వచ్చింది. అక్కడ నీళ్ళ తొట్టి దగ్గర వంగేసరికి హాజీగారి అల్లుడు చొక్కా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడు, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇంటి దగ్గర ఉంటే సరిపోయేది కదా కాంగ్," అన్నాడు. అతన్ని అన్నా అని పిలుస్తూనే అన్నాడు ఆ మాట. పాక్ మోదిన్ తల ఎత్తకుండా, "లె, నువ్వు బయట నిలబడు," అన్నాడు.

ఆ సాయంత్రం గోడ అవతల తండ్రీకొడుకుల మాటలు విన్నాను. వినాలని కాదు, ఆ గోడకి చెవులు మూయడం రాదు.

"పాక్, నీ రోజు వచ్చినప్పుడు కూడా నేను బయటే నిలబడాలా?"

"చేతుల్నించి రసి కారుతోంది లె. నూనె పొర వదలట్లేదు. నీళ్ళు నీ తోలుకే తగలవు, ఇంక నీ వజూ ఏం నిలుస్తుంది, ఆ శుద్ధి ఎక్కడిది?"

"అంటే?"

"అంటే ఏంటి. తల ఖోలిక్ పట్టుకుంటాడు. నువ్వు గోరీ దగ్గర మట్టి వెయ్యి. అదీ పుణ్యమే."

ఖోలిక్ చిన్న కొడుకు, స్కూల్లో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా నలగకుండా బతికే రకం. చెడ్డవాడు కాడు.

పాక్ మోదిన్ ఆ మాట కోపంతో అన్నా బాగుండేది, కోపం దిగుతుంది కదా. ఆయన సరుకు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు ఆ ముసలాయన మీద ఒళ్ళు మండింది. ఇంటి అద్దె, మందులు, ఖోలిక్ చదువు, అన్నీ ఆ కంపు చేతుల్లోంచే వచ్చాయి. తినేటప్పుడు లేని కంపు కడిగేటప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో? కానీ ఆయనకి ధర్మం ధర్మమే. కొడుక్కే కాదు, రాజుగారికైనా అదే చెప్పేవాడు. పైగా ఆయనకి ఆయాసం ముదిరింది. మసీదు మెట్లు ఎక్కడానికి మధ్యలో కూర్చుంటున్నాడు. ఆ ఏడు దాటడని డాక్టరు సులిహాతో అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మిస్నాడికి ఒకటే ధ్యాస. చేతులకి కుళ్ళు తగలకూడదు. తోలు మానాలి. తండ్రి ఉండగానే మానాలి.

ఫ్యాక్టరీ వాళ్ళు గ్లౌజులు ఇచ్చేవాళ్ళు, మణికట్టు దాకా వచ్చేవి. భుజం దాకా మునిగే చేతికి మణికట్టు గ్లౌజు ఎందుకూ, గోచీ కట్టుకుని వానలో నిలబడినట్టు. వంటింటి రబ్బరు గ్లౌజులు కొన్నాడు, మోచేతి దాకా వచ్చేవి. జిగురు పైనుంచి లోపలికి దిగి, రోజంతా చెయ్యి అందులోనే నానింది. బియ్యం సంచుల లోపల ఉండే ప్లాస్టిక్ కట్టుకుంటే వేళ్ళకి దారం దొరకలేదు. వానకోటు చేతులు కత్తిరించి కుట్టించాడు, కుట్లలోంచి కారింది. చివరికి బస్సెక్కి బన్యువాంగి పట్నం వెళ్ళి, ఆసిడ్ పనివాళ్ళు వాడే భుజం దాకా వచ్చే దళసరి గ్లౌజుల జత తెచ్చాడు. ఆ డబ్బుతో వాళ్ళింట్లో నెలకి బియ్యం వచ్చేవి. మొదటి రోజే చేప ముల్లు దిగి అరచేతి దగ్గర చిల్లిపడింది. సులిహా దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో అతికించింది. రెండో రోజు ఇంకోచోట పడింది.

"ఖరీదైనవి కాదు యూ, నాకు కావలసింది పారేసేవి," అన్నాడు నా కొట్టులో కూర్చుని. అతనికి నేను వేరే గ్లాసు పెట్టేదాన్ని. అతనే అడిగాడు అలా పెట్టమని, మిగతావాళ్ళు గొణుగుతున్నారని. "పల్చగా ఉండాలి, వేళ్ళకి తెలియాలి. భుజం దాకా రావాలి. ఒక పని అవగానే తీసి పారెయ్యాలి. అంత చవకైనది ఎవడు చేస్తాడు?"

"నీకోసం ఎవడు చేస్తాడు," అన్నాను. "నీలా చంకదాకా చెయ్యి పెట్టేవాడు లోకంలో ఇంకొకడు ఉండాలి కదా."

ఉన్నాడు. పాక్ వాగిరాన్ అని, పైన కొండ పల్లెల్లో ఆవులకి గర్భం సూదులు వేసే ఆయన. రేవులో చేపలు కొనడానికి దిగినప్పుడల్లా నా దగ్గర కాఫీ తాగి, సోయా గింజల టెంపే వేపుడు నాలుగు ముక్కలు నమిలి వెళ్ళేవాడు. ఒకరోజు బండి పెట్టెలోంచి తువ్వాలు లాగుతుంటే దానితో పాటు నారింజరంగు ప్లాస్టిక్ ఒకటి జారి పొడుగ్గా వేలాడింది. అయిదు వేళ్ళున్నాయి దానికి. మిస్నాడి గ్లాసు కింద పెట్టేశాడు.

"అదేంటి పాక్?"

"ఆవు లోపల చెయ్యి పెట్టేది."

"ఎందాకా వస్తది?"

"భుజం దాకా. ఆవు లోతు నీకు తెలీదు."

"కడిగి మళ్ళీ వాడతారా?"

"ఆవులోంచి తీసింది కడుక్కుని దాచుకుంటారా ఎవరైనా? తీసి పారెయ్యడమే."

"ధర?"

"వంద ఒక పెట్టె. ఒక నాటుకోడి ధర. ఎందుకు, నువ్వేమైనా నా పొట్ట కొడతావా?"

వారం తిరగకుండా పెట్టె వచ్చింది. మొదటిరోజు మిస్నాడి ఆ నారింజ చేతులు వేసుకుని గేటు దగ్గరికి వచ్చి నాకు చూపించాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఫోర్‌మన్ లోపల్నించి అరిచాడు, "ఏంటి మిస్నాడీ, మర చూడి కట్టిందా? ఎన్నో నెల?" ఫ్యాక్టరీ అంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి అతని పేరు ఆవుల డాక్టరు. మసీదు దగ్గర కూడా అదే. ఆవుల్లో వాడినవే ఏరుకొచ్చి కడిగి వాడుతున్నాడని కూడా పుట్టించారు. మిస్నాడి అన్నిటికీ నవ్వేశాడు. అతను నవ్వడం ఎన్నో ఏళ్ళకి నేను అప్పుడే చూశాను. పైపళ్ళు రెండు ఊడిపోయాయని అప్పుడే తెలిసింది.

ఆ గ్లౌజులు ఒక్క పొర వేసుకుంటే ముల్లుకి చిరిగేవి. అందుకని రెండు, ఒకదాని మీద ఒకటి. మనిషి చేతికి అవి వదులు, పైనుంచి జారేవి. అందుకని భుజం కింద సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి కట్టేవాడు. పాక్ వాగిరాన్ అది చూసి మెచ్చలేదు.

"కట్టకు. మేం కట్టం. ఆవు ఉన్నట్టుండి కూర్చుందంటే, గ్లౌజు దానికి వదిలేసి చెయ్యి నేను తెచ్చుకోవాలి."

"మర కూర్చోదుగా పాక్. ఆపేకే చెయ్యి పెడతాను."

అది నిజమే. ఫ్యూజు పీకి సొంత జేబులో వేసుకున్నాకే మూత తీసేవాడు. ఆ విషయంలో అతన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

వానలు మొదలయ్యేసరికి చేతులు మానడం మొదలైంది. ముందు రసి ఆగింది, తర్వాత పొక్కులు రాలాయి, కింద కొత్త తోలు ఎర్రగా, పసిపిల్లల అరికాలిలా వచ్చింది. సులిహా ఇప్పుడు నూనె రాయడానికి గుమ్మం దాటేది కాదు. ఒక సాయంత్రం నమాజు అయ్యాక పాక్ మోదిన్ కొడుకుని దీపం దగ్గరికి రమ్మన్నాడు. చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, వాసన కూడా చూశాడు.

"నిమ్మకాయ వాసన వస్తోంది," అన్నాడు.

"ఇంకా?"

"ఇంకా అడుగున కొంచెం ఉంది. చూద్దాం లె."

'చూద్దాం' అన్నది ఆయన నోట రావడం ఎంత పెద్ద సంగతో మిస్నాడి మర్నాడు నాకు చెప్పాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు, నేను కాఫీ కలుపుతున్నంతసేపూ. ఆ రోజు అతను మామూలు గ్లాసులో తాగాడు. నేనే పోసిచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వలలు బాగుచేసే సుర్జి పోయాడు. మాకు రెండిళ్ళ అవతల. ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు పడవ మీద ఉన్నారు, మర్నాటికి గానీ రారు. వరసలో మనుషులు చాలలేదు. నేను కొట్టుకి బయల్దేరుతుంటే పాక్ మోదిన్ గుమ్మంలో నిలబడి, ఆయాసం ఆపుకుంటూ, "జుమీ, ఫ్యాక్టరీ వైపేగా. వాడికి చెప్పు. మధ్యాహ్నం నమాజు దాటాక సుర్జిని కడుగుతాం. వాడు కూర్చోవాలి. కాళ్ళ వైపు," అన్నాడు.

నేను ఆ ఎండలో దాదాపు పరిగెత్తాను. మంచి కబురు మోసుకెళ్ళే భాగ్యం నాకు తక్కువ, ఇప్పుడు అడిగినా మళ్ళీ అలాగే పరిగెడతాను. గేటు దగ్గరికి పిలిపించి చెప్పాను. మిస్నాడి నమ్మలేదు.

"ఖోలిక్ చెప్పమన్నాడా?"

"మీ నాన్నే చెప్పాడు. నీ పేరు కూడా చెప్పలా, 'వాడు' అన్నాడు. ఇంకెవరు మరి."

"కాళ్ళ వైపా?"

"కాళ్ళ వైపు. ఇవాళ కాళ్ళు, ఇంకో రోజు తల. తొందరపడకు, స్నానం చేసి రా."

చెయ్యి తుడుచుకోవాలనుకున్నాడో ఏమో, ప్యాంటుకి రుద్దుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్ళు నిండాయి. అంతలో లోపల్నించి ఫోర్‌మన్ కేక. చేపల లారీలు వరసకట్టాయి, మర పట్టేసింది, అది తిరిగితే గానీ ఎవడూ గేటు దాటడానికి లేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పిందే. ఆ రోజు మిస్నాడి రెండు కాదు, మూడు పొరలు వేసుకున్నాడట. ట్యూబు పట్టీ రెండు చుట్లు తిప్పి పళ్ళతో లాగి బిగించాడట. ఒక్క చుక్క కూడా తగలకూడదు ఇవాళ, అన్నాడట పక్కవాడితో. ఫ్యూజు పీకి, మూత తీసి, దారాలన్నీ లాగేసి, మూత బిగించి, ఫ్యూజు పెట్టి మర తిప్పాడు. అక్కడిదాకా అంతా సవ్యమే. మర తిరిగింది కానీ చివర ఇరుసు దగ్గర కీచుమంది. గ్రీజు తక్కువైంది. ఆ గ్రీజు మర తిరుగుతుండగానే వేలితో కూరాలి, ఆపితే లోపలికి పోదు. పదిహేనేళ్ళుగా ఒట్టి వేలితో కూరిన చోటే, ఆ రోజు గ్లౌజు తియ్యకుండానే కూరాడు. ఒట్టి వేలు జిడ్డుకి జారి బయటికి వచ్చేస్తుంది. గ్లౌజు వేలి కొన వదులుగా ఉంటుంది కదా, అది ఇరుసుకి చుట్టుకుంది. ఒక్క పొరైతే చిరిగేది. మూడు పొరలు మెలిపడి తాడైంది. పైన పట్టీ వదల్లేదు.

నాకు కొట్టులో వినబడింది ఒక్కటే, మర చప్పుడు మారింది. తర్వాత ఆగింది. మిస్నాడి గొంతు నేను వినలేదు. విన్నవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ మాట్లాడరు.

మొహం తుడుచుకోవడానికి కూడా ఆగకుండా లారీలోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. సులిహా వెంట వెళ్ళింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. తీసేసింది ఇంటివాళ్ళకి ఇవ్వడం మా దగ్గర రివాజు, పాతిపెట్టుకోవాలి కదా. ఖోలిక్ దాన్ని తెచ్చాడు. చేపలకి ఐసు వేసే తెల్ల పెట్టె ఒకటి దొరికితే అందులో పెట్టి, బండి మీద ఒళ్ళో పట్టుకుని తెచ్చాడు. మా ఊళ్ళో చల్లగా ఉంచాల్సినవన్నీ ఆ పెట్టెల్లోనే పెడతారు. అతని ఇస్త్రీ చొక్కా ముందంతా తడిసిపోయింది.

అప్పటికి సుర్జిని పాతిపెట్టి పాక్ మోదిన్ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. కబురు ఆయనకి స్నానం దగ్గరే అందింది. కాళ్ళ వైపు చోటు ఖాళీగా ఉంచి చాలాసేపు చూశాడట, రాకపోతే సుర్జి మేనల్లుణ్ణి కూర్చోబెట్టాడట. కబురు విన్నాక కూడా మిగతా నీళ్ళన్నీ వరస తప్పకుండా పోశాడని అందరూ చెప్పుకున్నారు. కొందరు మెచ్చుకుంటూ చెప్పారు, నేను మెచ్చుకోలేదు.

ఇంట్లో ఆడదిక్కు లేదని నేను వాళ్ళ పెరట్లో పొయ్యి వెలిగించి ఉన్నాను. ఖోలిక్ పెట్టె కింద పెట్టాడు.

"పాక్, ఏం చెయ్యాలి ఇప్పుడు?"

"ఏముంది," అన్నాడు పాక్ మోదిన్. "బతికున్నవాడి నుంచి పోయినదానికి స్నానం లేదు, నమాజు లేదు. శుభ్రమైన గుడ్డలో చుట్టి పాతిపెట్టాలి. అంతే."

అది ఆయన నలభై ఏళ్ళుగా ఊరికి చెబుతున్న మాటే. బాంబులేసి చేపలు పట్టబోయి కాళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ ఇళ్ళల్లో నేనే రెండుసార్లు విన్నాను. ఖోలిక్ గుడ్డ కోసం లేచాడు.

"గుడ్డ తర్వాత. ముందు బల్ల తే."

"బల్ల ఎందుకు పాక్?"

"తే."

ఖోలిక్ బల్ల తెచ్చి పెరట్లో వేశాడు. పాక్ మోదిన్ దాని మధ్యలో ఒక్కడే కూర్చుని లుంగీ సర్దుకున్నాడు. నా వైపు చూసి, "జుమీ, నీళ్ళు గోరువెచ్చగా పెట్టమ్మా. రేగాకు వెయ్యి, కొంచెం కర్పూరం ఉంచు," అన్నాడు. తర్వాత పెట్టె మూత ఆయనే తీశాడు. చేతిని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు మోచేతి కింద పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

నారింజ ప్లాస్టిక్ ఇంకా దానికి అంటుకునే ఉంది. మెలిపడిన పొరలు చర్మంలోకి దిగిపోయాయి. ఆయన చూపు ఆనదు, అయినా ఒక్కొక్క పీలికే గోటితో తీశాడు. నేను పోయబోతే చెంబు నా దగ్గర తీసుకుని ఆయనే పోశాడు. భుజం వైపు నుంచి వేళ్ళ వైపుకి, నిదానంగా. నీళ్ళు ఆయన ఒళ్ళోంచి కాళ్ళ మీదికి ఎర్రగా కారాయి. గోళ్ళలో గ్రీజు ఉంది. దూదిని పుల్లకి చుట్టి ఒక్కొక్క గోరూ శుభ్రం చేశాడు. మణికట్టు పైన కొత్తగా వచ్చిన తోలు దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి. అది నిజంగానే మానిపోయింది. ఎక్కడా రసి లేదు.

"పాక్, చాలు," అన్నాడు ఖోలిక్. ఏడుస్తున్నాడు. "దీనికి అక్కర్లేదని నువ్వే అన్నావు."

"అన్నాను."

మళ్ళీ నీళ్ళు పోశాడు. మూడు సార్లు అయింది, అయిదయింది. బేసి లెక్క దగ్గర ఆపాలి, ఆపలేదు. రేగాకు నీళ్ళు అయిపోయాయి, నేను ఇంకో కుండ పెట్టాను.

"ఖోలిక్, విను," అన్నాడు మధ్యలో, తల ఎత్తకుండా. "నా రోజున వాణ్ణి తల వైపు కూర్చోబెట్టు. నువ్వు కాళ్ళ వైపు. ఎవడైనా ముక్కు మూసుకుంటే బయటికి పంపెయ్యి. నా తర్వాత వచ్చే మోదిన్ అయినా సరే."

"ఒక్క చేత్తో అన్నయ్య..."

"తల ఎంత బరువుంటుంది లె," అన్నాడు పాక్ మోదిన్. చిన్నకొడుకుని ఆయన అలా పిలవడం నేను వినలేదు అంతకుముందు.

కర్పూరం నీళ్ళు కూడా అయ్యాక ఆయన ఆ అరచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని నన్ను అడిగాడు.

"జుమీ, ఇంకా వాసన వస్తోందా?"

పెరడంతా వస్తోంది. కర్పూరం, రేగాకు, వాటన్నిటి కిందనుంచి ఫ్యాక్టరీ కంపు, పదిహేనేళ్ళది.

"లేదు పాక్," అన్నాను.

ఆయన అరచేతిని ముక్కుకి ఆనించుకుని వాసన చూశాడు.

"ఉంది," అన్నాడు. "ఉండనీ."

ఖోలిక్ బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు.